ఉలి పట్టుటకు ముందు

యుద్ధము ముగిసిన పిమ్మట సైనికుడు ఇంటికి పోవును. అతని తుపాకి ఎక్కడికి పోవును? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించును గాని, ఇరువదవ శతాబ్దమున అమెరికాలోను ఐరోపాలోను దీనికి లభించిన సమాధానము ఒక గొప్ప చేతిపనికి ప్రాణము పోసినది. కాలము చెల్లిన సైనిక రైఫిలును వెదకి తెచ్చి, దాని మోటుదనమును తొలగించి, తన భుజమునకు అమరు వేట రైఫిలుగా మలచుకొనుటయే ఆ పని. ఆయుధముల ప్రసక్తి తెలుగు పంతులుకేల యని పాఠకులు అడుగవచ్చును. పాత వస్తువును మార్చు హక్కు మనకు ఎంతవరకు కలదను ప్రశ్న ఇందులో ఇమిడియున్నది. పాత గ్రంథములతో కాలము గడుపువారికి అది పరాయి ప్రశ్న కాదు.

ఈ పనికి సైనిక రైఫిలే యేల కావలసివచ్చినది? కారణము దాని ఉక్కులో ఉన్నది. జర్మనీలోని ఓబెర్న్‌డోర్ఫ్ పట్టణమునకు చెందిన పౌల్ మౌజర్ రూపొందించిన రైఫిలును ఆ దేశపు సైన్యము 1898లో స్వీకరించినది. తూటాను గొట్టములోనికి త్రోసి గడియవలె బిగించు దాని బోల్టుకు ముందు రెండు గట్టి కొమ్ములు, వెనుక రక్షణకై మూడవది కలవు. పేలిన తూటా గుల్లను వెనుకకు లాగుటకు వెడల్పైన ఉక్కు గోరు కలదు. బురదలోను మంచులోను పనిచేయుటకు పుట్టిన యంత్రము అడవిలో మోసము చేయదని వేటగాండ్రు త్వరలోనే గ్రహించిరి. అమెరికా సైన్యపు 1903 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు దీనిని ఎంతగా పోలియుండెననగా, ఆ ప్రభుత్వము మౌజర్ సంస్థకు పేటెంటు రుసుము చెల్లింపవలసివచ్చినది. ఇట్టి ఉక్కు పనిని ఒక చిన్న కార్ఖానా సొంతముగా చేయబూనినచో ఖర్చు భరింపజాలదు. సైన్యము వదలిన తుపాకిలో అది సిద్ధముగా, చౌకగా దొరకును.

మిగిలినది చేతి నేర్పు. గొట్టము కొస వరకు కప్పియున్న సైనిక కొయ్యను తీసివైచి, అక్రోటు కొయ్యతో భుజమునకు, చెంపకు అమరునట్లు కొత్తది చెక్కుదురు. టెలిస్కోపుకు తగులకుండ బోల్టు పిడిని క్రిందికి వంచుదురు. బరువైన మీటను మార్చి సున్నితమైన దానిని అమర్చుదురు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలును వేటకు తగిన కొయ్యతో చేయించుకొని, పదవీకాలము ముగిసిన పిమ్మట 1909లో ఆఫ్రికాకు తీసికొనిపోయెను. ఆ యాత్రను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము చదివి ఉత్సాహము పొందిన సీమూర్ గ్రిఫిన్ న్యూయార్కులో మేజాలు, బీరువాలు చేయు వడ్రంగి. 1923లో అతడు జేమ్స్ హో అను లోహపు పనివానితో కూడి నెలకొల్పిన సంస్థ ఈ విద్యలో విఖ్యాతి గాంచినది. ఒకరిది కొయ్య, ఒకరిది ఉక్కు. రెండును కలిసినగాని మంచి రైఫిలు కాలేదు.

అయితే వెదకుట యనగా చౌకగా దొరకినదానిని కొనుట కాదు, దానిని చదువుట. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారమున 8,00,000కు లోపు, రాక్ ఐలండ్ ఆయుధాగారమున 2,85,507కు లోపు వరుస సంఖ్యలు గల 1903 రైఫిళ్ల ఉక్కు శంకింపదగినది. ఆ రోజులలో కొలిమిలోని ఉక్కు ఎంత కాగినదో పనివాడు రంగును కంటితో చూచి నిర్ణయించెడివాడు. ఎండ కాయు దినమున ఒక తీరుగను, మబ్బు పట్టిన దినమున మరియొక తీరుగను ఆ ఎరుపు కంటికి తోచెడిది. అధికముగా కాగిన ఉక్కు పెళుసుబారినది. కొన్ని రైఫిళ్లు కాల్చుచుండగనే పగిలిపోయినవి. 1918లో ఆ పద్ధతిని మార్చిరి. పైన కొయ్య ఎంత నిగనిగలాడినను లోపలి పెళుసుదనమును మాన్పజాలదు. ఉక్కు మీది సంఖ్యను చదువనివాడు ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనును.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ తుపాకులు గుట్టలుగా వచ్చి పడినవి. మౌజర్ రైఫిలులో 1935 నాటి జర్మన్ రకమొక్కటే కోటికి పైగా తయారైనది. టపాలో డబ్బు పంపి తుపాకి తెప్పించుకొను రోజులవి. నేర్పరులతోబాటు ఇనుప రంపము పట్టిన ప్రతివాడును పనికి పూనుకొనెను. ఈ చౌకకు చీకటి కోణమును లేకపోలేదు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని బలిగొన్న రైఫిలు ఇటలీ సైన్యము వదలిన కార్కానో. టెలిస్కోపుతో సహా 19 డాలర్ల 95 సెంట్లకు టపాలో కొన్నది. 1968లో వచ్చిన చట్టము అట్టి టపా అమ్మకములను, మిగులు సైనిక తుపాకుల దిగుమతిని నిలిపివేసినది; సేకరణకు తగిన పాతవానికి 1984లో మరల ద్వారము తెరచిరి.

ఈ విషయమున రెండు వాదములు కలవు. చరిత్రను రంపముతో కోయుచున్నారని ఒకరందురు. చంపుటకు పుట్టిన యంత్రమును చక్కని వస్తువుగా మార్చిన తప్పేమని మరియొకరందురు. నా అభిప్రాయము ఇది: లక్షలుగా పడియుండి కొలిమిలో కరుగనున్న కాలమున వానిని మలచినవారు తప్పు చేయలేదు, రక్షించిరి. కాని నేడు మార్పు చెందక నిలిచినవి నానాటికి తగ్గుచున్నవి. ఏ కర్మాగారము, ఏ సంవత్సరము, ఏ దేశపు సైన్యము అని చెప్పు ముద్రలు వానిపై కలవు. అన్ని భాగములపై ఒకే సంఖ్య నిలిచిన రైఫిలు ఒక చారిత్రక పత్రము. కోసిన గొట్టము మరల అతుకదు. ముద్రపై తొలిచిన రంధ్రము పూడదు. కనుక నేడు వెదకువాడు వెదకవలసినది చెక్కు చెదరని తుపాకిని కాదు. వెనుకటి తరమున తొందరపాటు చేతులు పాడుచేసి వదలినదానిని. దాని కొయ్య పోయినను ఉక్కు మంచిదే కావచ్చును. దానిని బాగు చేసినచో ఒక వస్తువు దక్కును, ఒక పత్రము మిగులును. చేయి పడనిదానికే సేకరించువారు ఎక్కువ వెల ఇచ్చుట చూచినచో సంతయు ఈ మాటనే సమర్థించుచున్నదనవచ్చును.

మన దేశమునకు ఈ విద్య పూర్తిగా క్రొత్తది కాదు. చంపావత్ పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహుమానముగా వచ్చిన రిగ్బీ రైఫిలు మౌజర్ యంత్రముపై కట్టినదే. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారము సైన్యమునకు చేసిన లీ ఎన్‌ఫీల్డ్ యంత్రమునే ఆధారముగా గొని .315 అంగుళపు వేట రైఫిలును చేసినది. అయితే 1959 నాటి ఆయుధ చట్టము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఇచట వేట ముచ్చట ముగిసినది, ముగియుటయు మేలే. మనము గ్రహింపవలసినది తుపాకిని కాదు, ఆ వెదకుటలోని నియమమును.

తాళపత్ర గ్రంథమును పరిష్కరించువాడు తనకు నచ్చని పాఠమును గీరివేయడు. మూలమును ఉన్నదున్నట్లు నిలిపి, తన దిద్దుబాటును వేరుగా చూపును. శాసనమున్న రాతిని మెట్టుగా వేయువాడును, దానిపై రంగు పూయువాడును చెడ్డవారు కారు. చదువక ముందే చేయి చేసికొన్నవారు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఊరి గుడికి తీసికొనిపోయి, రాతి మీది అక్షరములను ముందు కాగితముపై ఎత్తి వ్రాయించవలెను. బాగుచేయు మాట ఆ తరువాత.