కెమెరాకు స్పీడు తెలుసు, బండికే తెల్వది!

పాత స్ప్లెండరో, సీడీ 100 బండో, ఆర్‌ఎక్స్ 100 బండో నడిపేటోళ్లను ఒక్కసారి అడిగి చూడుండ్రి, మీటరు పనిచేస్తున్నదా అని. మస్తు మంది నవ్వుతరు. ముల్లు సున్నా కాడ పండుకొని ఏండ్లయింది. గసొంటి బండికే లేజర్ గన్ను ఫొటో కొట్టి 1035 రూపాయల చలాన్ పంపుతది. నడిపేటోనికి తన స్పీడు తెల్వదు, సర్కారుకు మాత్రం పక్కాగ తెలుసు.

గందుకే గల్లీ మెకానిక్కుల కాడ పాత మీటరు పీకి డిజిటల్ మీటరు పెట్టిచ్చుకుంటున్రు. పోరగాళ్ల సోకు అని తీసిపారేస్తరు కొందరు. సోకు లేదని నేననను. కాని కూలికి, డెలివరీకి తిరిగేటోని అవసరం వేరే.

పాత మీటరు పనితనం చూస్తే ముచ్చటేస్తది. ముందు చక్రం కాడ చిన్న గేరు, దానికి కేబుల్, కేబుల్ లోపల తిరిగే తీగ. ఆ తీగ మీటర్ల అయస్కాంతాన్ని తిప్పుతది. దానెంబడి అల్యూమినియం గిన్నె తిరగాలని చూస్తది, సన్న స్ప్రింగు ఆపుతది. గీ గుంజులాటనే ముల్లు మనకు చూపిస్తది. కరెంటుతోని పనే లేదు. కాని గ్రీజు ఎండితే తీగ తెగుతది, వాననీళ్లు దిగితే తుప్పు పడుతది. కేబుల్ అంటే మారుస్తరు, లోపలి పండ్లు అరిగితే ఏం చేస్తరు? ఆర్‌ఎక్స్ 100 తయారుచేసుడు 1996లనే ఆగిపాయె. రాణిగంజ్ దుకాండ్లన్ని తిరిగినా అసలు సామాను దొరుకుడు కష్టమే.

డిజిటల్‌ది వేరే కథ. చక్రానికి చిన్న అయస్కాంతం, పక్కన సెన్సారు. చుట్లు లెక్కబెట్టి స్పీడు చెప్తది. 2.75-18 టైరు ఒక్క చుట్టుకు ఇంచుమించు 1.9 మీటర్లు పోతది. గీ కొలత 10 శాతం తప్పుపడితే మీటరు 54 అంటది, బండి 60 మీద ఉంటది. మళ్ల చలానే! వైరింగుల ఇంకో లొల్లి. చాన పాత బండ్లల్ల హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి కాదు, ఇంజిన్ కాయిల్ నుంచి ఏసీ కరెంటే పోతది. మీటరు వైరు దానికి కలిపితే కాలుడే. బ్యాటరీ నుంచి తాళం మీదుగ, నడుమ ఫ్యూజు పెట్టి తేవాలె. ట్యాంకుల ఫ్లోటుకు, కొత్త మీటరుకు ఓముల లెక్క కుదరాలె, లేకుంటే పెట్రోల్ ఎండినా నిండుగనే చూపిస్తది. ఏ సర్టిఫికెట్ లేని మెకానిక్కులు గివన్ని చేసుకుంట చేసుకుంటనే నేర్చుకున్నరు.

మరి చట్టం? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల 117వ రూలు స్పీడు మీటరు ఉండాలంటది. చట్టంల 52వ సెక్షనేమో, ఆర్‌సీ వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేతట్టు బండిని మార్చొద్దంటది. 2019 సవరణల 182-ఏ తెచ్చి, ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5000 జుర్మానా, లేదంటే ఆర్నెల్ల దాక జైలు అన్నరు. ఆర్‌సీల ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఉంటయి, మీటరు ఊసే ఉండదు. సచ్చిన మీటరు తీసి పనిచేసేది పెట్టుడు రిపేరే అని నా వాదన. నడిరోడ్డు మీద బండి ఆపినోళ్లు ఆ వాదన ఇంటరా?

ఇందుల మోసానికీ సందుంది, దాచుడెందుకు. కొత్త మీటరు సున్నా నుంచి మొదలైతది. లక్ష తిరిగిన బండిని పది వేలే తిరిగిందని అంటగట్టేటోళ్లకు పండుగనే.

15 ఏండ్లు నిండిన బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫీజు 2022 ఏప్రిల్‌ల 300 నుంచి 1000 చేసిన్రు. గంత ఫీజు తీసుకునేటోళ్లు ఆ రోజే మీటరు సరిగ చూపిస్తున్నదా లేదా చూడాలె. పాత మీటరు కిలోమీటర్లు, కొత్తది పెట్టిన తారీఖు రాసి ముద్ర కొట్టియ్యాలె. మెకానిక్ ఇచ్చిన రసీదును లెక్కలకు తీసుకోవాలె. గా ఒక్క కాయితం చేతిల ఉంటే కొనేటోడు మోసపోడు, నడిపేటోడు పోలీసుకు భయపడడు.