బొట్టు పెట్టిన మిక్సీ

"ఇవన్ని మళ్ల పైకేనా సార్?"

మా ఇంటికి రంగులేయడానికి వచ్చిన కుర్రాడు అడిగిన మాట ఇది. మూడు వారాలయినా చెవిలో మోగుతూనే ఉంది. పన్నెండేళ్ళ తర్వాత గోడలకు రంగులు వేయిద్దామనుకుంటే, ముందు అటకలు ఖాళీ చేయమన్నాడు. ఫ్లాటులో దాన్ని లాఫ్ట్ అంటున్నాం గానీ అటకే కదా. మా పాతింట్లో అటక మీద ఆవకాయ జాడీలు, పెళ్ళిళ్ళకు వాడే గంగాళాలు ఉండేవి. అవి ఏడాదికోసారయినా కిందికి దిగి, పని చూసుకుని మళ్ళీ ఎక్కేవి. ఈ ఫ్లాటులో అటకెక్కిన సామానుకు దిగడమనేది తెలియదు.

దించినవన్నీ హాల్లో పరిచాం. టీవీ పోయి ఆరేళ్ళయింది, అది వచ్చిన అట్టపెట్టె మాత్రం థర్మోకోల్‌తో సహా క్షేమంగా ఉంది. కూలరు లేదు, దాని గడ్డి తడికెలున్నాయి. మా పెళ్ళి వీడియో క్యాసెట్ ఉంది, అది వేసి చూసే మెషీను మా ఇంట్లో కాదు కదా, మా వీధిలోనే లేదు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఐస్‌క్రీమ్ డబ్బాలు పదకొండు, మూతలు పద్నాలుగు. ఏ మూతా ఏ డబ్బాకీ పట్టదు. అన్నిటికంటే వెనకనుంచి, పాత దుప్పట్లో చుట్టిన మిక్సీ ఒకటి దిగింది. మోటారు కాలిపోయి ఎనిమిదేళ్ళు. దాని నుదుటి మీద, అంటే స్విచ్ పైభాగాన, ఎండిపోయిన పసుపు, ఆ పసుపు మీద నల్లబడిన కుంకుమ. ఎన్ని దసరాల బొట్లో!

"దాన్ని పారేయమని ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నా" అంది మా ఆవిడ.

"నువ్వే పారేయకపోయావా?"

"బొట్టు పెట్టిన చేత్తో ఎలా పారేయమంటారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. సామాను పారేయలేనివాళ్ళని పిసినారులని తేల్చేయడం తేలికే. ఇల్లంతా సామానుతో నిండిపోయి, మనిషి మసిలే చోటు కూడా మిగలని స్థితి వేరే ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. వాళ్ళకు కావలసింది వైద్యం, వెక్కిరింత కాదు. నా గొడవంతా మామూలు ఇళ్ళ గురించి. మనకు పారేయడం చేతకాకపోవడానికి కారణం, అసలు ఆ పని ఎప్పుడూ చేసి ఎరగకపోవడమేనని నా అనుమానం. మనవాళ్ళు ఇచ్చేసేవారు. మార్చుకునేవారు. ఇంకోలా వాడుకునేవారు.

ఒక నేతచీర కథ చూడండి. నాలుగు పెళ్ళిళ్ళు తిరిగాక ఇంట్లో కట్టుకునే చీరవుతుంది. చెంగు చిరిగితే ఆడపిల్లకు పరికిణీ. ఇంకాస్త మెత్తబడితే పసిబిడ్డకు ఉయ్యాల. పుట్టిన బిడ్డను పాతగుడ్డలోనే చుట్టాలని మన పెద్దవాళ్ళు పట్టుబట్టేవారు. అంటే ఈ లోకంలో మన ఒంటికి తగిలిన మొదటి బట్టే ఇంకొకరు కట్టి విడిచింది. తర్వాత అలాంటి చీరలు నాలుగు కలిస్తే బొంత. బొంత పీలికలైతే మసిగుడ్డ. అంతటితో ఆ చీర చరిత్ర ముగిసేది. ఇంత ప్రయాణంలో దాన్ని పారేసిందెవరు? ఎవరూ లేరు. చేతులు మారాయంతే.

ఇంట్లో చేతులు అయిపోతే వీధిలో ఉండేవి. గిన్నెకు చిల్లి పడితే మాటు వేసేవాడు, ఇత్తడికి కళాయి పూసేవాడు, రోటికి గంట్లు కొట్టేవాడు, గొడుగు పుల్ల మార్చేవాడు వరసగా వచ్చేవారు. పాత పట్టుచీర జరీలో వెండి ఉంటుందని కొనుక్కుపోయేవారు ఉండేవారు. దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టును సైతం ఉండచుట్టి గోడసందులో దాచేవారు ఆడవాళ్ళు, దానికీ ఏదో ఒకటి ఇచ్చి పట్టుకుపోయే మనిషి వస్తాడని. ఇనుపముక్క దొరికిన పిల్లవాడు పీచుమిఠాయి బండి కోసం కాచుక్కూచునేవాడు. "ఉంచు, ఎందుకైనా పనికొస్తుంది" అన్న మాట ఆ వీధిలో పుట్టింది. అక్కడ అది అక్షరాలా నిజం. ఎవరికో ఒకరికి, ఎందుకో ఒకందుకు పనికొచ్చి తీరేది. ఆ మాటను మూటకట్టుకుని మనం ఫ్లాట్లలోకి వచ్చేశాం. ఆ మనుషులు గేటు దగ్గర ఆగిపోయారు.

ఆగిపోవడమంటే నిజంగానే ఆగిపోయారు. మా అపార్టుమెంటు గేటుకి బోర్డుంది, అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ లోపలికి అనుమతి లేదని. ఆ తీర్మానం చేసిన మీటింగులో నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఆటోలో మైకు వినిపిస్తుంది, పాత ఇనుము, పాడైన ఫ్రిజ్జులు, కూలర్లు, కంప్యూటర్లు కొంటామని. ఐదో అంతస్తులో నేను చెప్పులేసుకుని లిఫ్టు కోసం నిలబడేసరికి ఆటో మలుపు తిరిగిపోతుంది. ఆ వారం కూడా మిక్సీ అటక మీదే.

పాతబట్టలకు స్టీలుగిన్నె ఇచ్చే ఆమెతో బేరం గుర్తుందా? "మూడు ప్యాంట్లు, రెండు చీరలకు ఈ బుల్లి గిన్నెనా?" అని మా అమ్మ లేచేది. "చీర పిగిలిపోయింది తల్లీ" అని ఆమె వెలుతురుకు పట్టి చూపించేది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ఇదే సంగతి ప్రయోగం చేసి ప్రకటించారు. కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో సగంమందికి కాఫీ కప్పులిచ్చి అమ్మమన్నారు, మిగతావాళ్ళను కొనమన్నారు. కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి ఇంచుమించు రెండింతలు అడిగారు అమ్మేవాళ్ళు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు, అప్పుడే దాని విలువ పెరిగిపోయింది. ఆ ముగ్గురూ మా అరుగు మీద ఒక్క పూట కూర్చునుంటే కప్పుల ఖర్చు మిగిలేది. అయితే ఒక తేడా ఉంది. ఎంత గింజుకున్నా మా అమ్మ బేరం చివరికి తెగేది, ఎందుకంటే ఎదురుగా ఒక మనిషి ఉంది. అటక మనతో బేరమాడదు. అందుకే దాని మీద ఉన్నవన్నీ మనం కట్టిన ధరకే, కలకాలం అమ్ముడుపోకుండా ఉండిపోతాయి.

హైదరాబాదువాళ్ళకు ఇంకో సాకు కూడా ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రిగారి పాత చెప్పు ముందు భాగంలో జాకబ్ వజ్రం దొరికిందని, దాన్ని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా వజ్రం నిజం, 184.75 క్యారట్లు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు నిజాం నగలు కొన్నప్పుడు వాటితో పాటు అదీ వచ్చింది. పాత చెప్పులు పారేద్దామన్నప్పుడల్లా నాకు ఈ వజ్రం గుర్తొస్తుంది. మా నాన్న చెప్పుల్లో నేను రెండుసార్లు చూశాను కూడా. ఇసుక తప్ప ఏమీ లేదు.

కాగితాల విషయంలో మాత్రం నేను మా నాన్న పక్షమే. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజుల నాటి పుస్తకం నుంచి కరెంటు బిల్లుల దాకా ఆయన తీగకు గుచ్చి ఉంచేవారు. నేను నవ్వేవాణ్ణి. ఇంటి రికార్డుల్లో పేరు మార్పు కోసం ఒక ఆఫీసుకు తిరుగుతుంటే, పందొమ్మిదేళ్ళ కిందటి పన్ను రసీదు తెమ్మన్నారు. వాళ్ళ దగ్గర ఉండవలసిన లెక్కే అది. వాళ్ళ దగ్గర లేదు, మా తీగకు ఉంది. ఆఫీసులు తమ కాగితాలు తాము భద్రంగా ఉంచుకునే రోజు వస్తే, ఈ దేశంలో సగం ట్రంకుపెట్టెలు ఖాళీ అవుతాయి. భయంతో దాచినదాన్ని చెత్త అనడం న్యాయం కాదు.

ఇక పేరున్న సామాను. ఒకప్పుడు స్టీలు గిన్నె కొంటే, కొట్టువాడు చిన్న మెషీనుతో జుయ్యిమని దాని మీద పేరు వేసిచ్చేవాడు. ఇచ్చినవాళ్ళ పేర్లు, తేదీ, దీవెనలతో అన్న ముక్క. మా ఇంట్లో 1987 మే నాటి క్యారేజీ ఒకటుంది. మా పిన్నీ బాబాయిల పేర్లు, బాబాయి పేరులో ఒక అక్షరం తప్పు. బాబాయి లేరు. తప్పు అలాగే ఉంది. తూకానికి వేస్తే స్టీలుకొచ్చే డబ్బెంతో తెలుసు, ఆ తప్పక్షరానికి ధర కట్టేవాడు కనబడడు. శుభలేఖలదీ ఇదే చిక్కు. మూల పసుపు, పైన వేంకటేశ్వరస్వామి. చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. ఊళ్ళో ఏ రావిచెట్టు మొదట్లో చూసినా అద్దం పగిలిన దేవుడి పటాలు వరసగా ఆనించి ఉంటాయి. ఎవరూ వాటిని పారేయలేదు, చెట్టుకు అప్పగించి వెళ్ళారు.

జపాన్ రచయిత్రి మారీ కోండో ప్రపంచానికంతా ఇల్లు సర్దడం నేర్పింది. వస్తువును చేతిలోకి తీసుకో, మనసుకు సంతోషం కలిగితే ఉంచు, లేకపోతే కృతజ్ఞత చెప్పి పంపెయ్ అంటుంది. కృతజ్ఞత సంగతి మనకు కొత్త కాదు. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్ళకద్దుకునేవాళ్ళం. దసరాకు కుట్టుమిషను దగ్గర నుంచి స్కూటరు దాకా బొట్టు పెట్టేవాళ్ళం. సంతోషం పరీక్ష దగ్గరే నాకు పేచీ. ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకుని సంతోషం కోసం వెతుక్కోవడం నావల్ల కాదు. అసలు ఆ పరీక్షలో ఉన్నదంతా నేనే. నాకు నచ్చిందా, నాకు పనికొస్తుందా అని. మా అమ్మమ్మ చీర పట్టుకుని అడిగే ప్రశ్న వేరుగా ఉండేది: ఇది ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది?

మన పంచాంగంలో వస్తువులకు రెండు రోజులున్నాయి. దసరాకు బొట్టు పెడతాం. మూడు నెలలు తిరిగేసరికి భోగి వస్తుంది, పాతవి వదిలేస్తాం. కొలవడానికి ఒక రోజు, వదలడానికి ఒక రోజు. మొదటిది అలాగే పట్టుకున్నాం, మిక్సీ, వాషింగ్ మెషీను దాకా పెంచాం. రెండోదాన్ని మంట దగ్గర సెల్ఫీగా మిగిల్చాం. మా చిన్నప్పుడు భోగి ముందురోజు రాత్రి కుర్రమూకకు భయపడి, అరుగు మీది బల్లల్ని ఇంట్లోకి లాక్కునేవారు. ఆ బల్లలు చెక్కవి, కాలితే బూడిదయ్యేవి. ఇప్పటి మన పాతసామాను ప్లాస్టిక్కు, టైర్లు, ఫోము. కాలిస్తే విషం. మంటలో వేయరాదు, చెయ్యి మార్చాలంటే మనిషి దొరకడు, అందుకే అటకకు ఎక్కిస్తున్నాం.

అటక మీద పెడితే దాచినట్టు కాదు. వాయిదా వేసి పారేసినట్టు. ఎనిమిదేళ్ళ కిందట ఇచ్చి ఉంటే ఆ మిక్సీ ఎవరింట్లోనో పచ్చడి నూరుతుండేది. అప్పుడే ఇచ్చి ఉంటే స్వెట్టరు ఒక పిల్లాడి చలి కాచేది, ఇప్పుడు దాన్ని పురుగు తినేసింది. ఇవ్వదగినప్పుడు పట్టుకుని కూర్చుని, ఎవరికీ పనికిరాకుండా పోయాక బయటపడేయడం కంటే దుబారా ఏముంది? పాత సెల్‌ఫోన్లదైతే మరీ ప్రమాదం. సొరుగులో పడున్న ఫోను బ్యాటరీ ఉబ్బితే అంటుకోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ భారం తయారీ కంపెనీల మీదే పెట్టాయి. అదే ఏడాది మే నెలలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ పిలుపుతో, పాతబట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే ట్రిపుల్ ఆర్ కేంద్రాలు ఊరూరా తెరిచారు. ఆ ప్రచారానికి గడువు జూన్ 5. మూడు వారాలకు మించలేదు. మన అటకలు నిండడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

అందుకే నా మనవి సర్కారుకు కాదు, అపార్టుమెంటు సంఘాలకు. నెలకో ఆదివారం గేటు తెరవండి. పాతసామాను కొనేవాణ్ణి, బట్టలకు గిన్నెలిచ్చే ఆమెను, మిక్సీలు బాగుచేసే మెకానిక్కును సెల్లార్లోకి రానివ్వండి. పేరు రాసుకుని, ఫోను నంబరు తీసుకుని రానివ్వండి, భద్రతకు లోటు రాదు. ఏడాదికి పన్నెండు భోగులు. మంట అక్కర్లేదు.

మా ఇంటి సంగతి చెప్పకుండా ముగిస్తే బాగుండదు. కుర్రాడి ప్రశ్నకు మా ఆవిడే జవాబిచ్చింది, "అన్నీ కాదులే నాయనా" అని. వాడు మిక్సీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వైండింగ్ చేపిస్తే నడుస్తది మేడం. మా బామ్మర్దికి రిపేరు దుకాణం ఉంది." మా ఆవిడ తడిగుడ్డతో మిక్సీని శుభ్రంగా తుడిచింది. బొట్టు జోలికి పోలేదు. జార్లు కూడా తెచ్చి సంచిలో పెట్టింది. రెండు ఇచ్చి చిన్న జారు ఉంచుదామా అని నేనన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి మూడోదీ నేనే సంచిలో వేశాను.

బట్టలు వెళ్ళాయి, తడికెలు వెళ్ళాయి, మూతలు వెళ్ళాయి. క్యారేజీ వంటింట్లోకి వచ్చింది, దాంట్లో ఇప్పుడు మరమరాలున్నాయి. రంగులు ఆరాక అటక మీదికి మూడంటే మూడు వస్తువులు ఎక్కాయి. కాగితాల ట్రంకుపెట్టె, పెళ్ళి క్యాసెట్టు, టీవీ అట్టపెట్టె.

అట్టపెట్టె ఎందుకని అడక్కండి. చాలా గట్టి పెట్టె.