తత్వశాస్త్ర శాఖకు మన రియాళ్లు

మలాజ్ అంటే మనలో చాలామందికి జూపార్కు, స్టేడియం, వారాంతపు రద్దీ. ఇది ఒకప్పటి విశ్వవిద్యాలయ పేట అన్న సంగతి కొందరికే తెలుసు. 1957లో ఆర్ట్స్ కళాశాలతో మొదలైన ఇప్పటి కింగ్ సౌద్ విశ్వవిద్యాలయం దిరియా ప్రాంగణానికి తరలక ముందు ఇక్కడే నడిచింది. ఈ దేశపు బడుల్లో దశాబ్దాలపాటు తత్వశాస్త్రానికి చోటు లేదు. 2018 డిసెంబరులో దాన్ని హైస్కూలు పాఠాల్లో చేరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2021 డిసెంబరులో కింగ్ ఫహద్ జాతీయ గ్రంథాలయంలో తొలి రియాద్ తత్వశాస్త్ర సదస్సు జరిగింది. మనం పొట్టకూటికి వచ్చిన దేశం ఆలస్యంగానైనా ఈ తలుపు తెరుస్తుంటే, మన సొంత వర్సిటీల్లో అదే తలుపు మెల్లగా మూసుకుంటోంది. పదవీ విరమణ చేసిన ఆచార్యుడి కుర్చీ ఏళ్లతరబడి ఖాళీగా ఉంటుంది, అడిగేవారు ఉండరు. ఉద్యోగం రాని చదువు అని ఒక్క మాటతో తేల్చేస్తాం.

ఆ మాట తెలుగువాళ్లం అనడమే విడ్డూరం. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడి నుంచి వెళ్లింది ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్ర ఆచార్య పదవికి. ఆ పీఠం సర్కారు సొమ్ముతో రాలేదు. హెచ్.ఎన్. స్పాల్డింగ్ దంపతులు తమ సొంత డబ్బు ఇచ్చి నెలకొల్పారు. రాధాకృష్ణన్ 1952 దాకా అందులో ఉన్నారు. తర్వాతి కాలంలో అదే పీఠం నుంచి బిమల్ కృష్ణ మతిలాల్ మన న్యాయశాస్త్ర తర్కాన్ని పాశ్చాత్య తాత్వికుల ముందు పెట్టారు. దాతలు పోయి చాలాకాలమైంది, పీఠం మాత్రం ఇప్పటికీ ఉంది.

మనవైపూ దాతలకు కొదవ లేదు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి తెలిసిందే. ఆయన పేరు నిలిచింది సైన్స్, టెక్నాలజీ కళాశాల మీద. తత్వశాస్త్రానికి అలాంటి దాత దొరకలేదు. అయినా అదే వర్సిటీ తత్వశాస్త్ర శాఖ నుంచి గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడికి చెందిన కొత్త సచ్చిదానందమూర్తి యూజీసీ ఉపాధ్యక్షుడి దాకా ఎదిగారు, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

హైదరాబాదు సంగతి మరీ ఆసక్తికరం. నిజాం కాలంలో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను వెతికి అచ్చువేసింది. బాగ్దాదుకు చెందిన తాత్వికుడు అబుల్ బరకాత్ రాసిన కితాబుల్ ముతబర్ 1930ల చివర అచ్చయింది మన హైదరాబాదులోనే. అరబ్బు పండితుడు తన పూర్వీకుడి తత్వగ్రంథం చదవాలంటే తెలుగు గడ్డ మీద అచ్చయిన ప్రతి తెరవాల్సి వచ్చిందన్నమాట! ఈ ఊళ్లో నలుగురు సౌదీ మిత్రుల మధ్య గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఇది. బిర్యానీ గురించి ఎలాగూ చెబుతూనే ఉన్నాం.

ఇక ఈ కాలపు ఉదాహరణ. 2018 జనవరిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర శాఖకు బిల్ మిల్లర్ 7.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆయన షేర్ల పెట్టుబడులతో ధనికుడైన మనిషి, ఒకప్పుడు ఆ శాఖలోనే పరిశోధక విద్యార్థి. అక్కడ నేర్చిన ఆలోచనా పద్ధతే తనకు వ్యాపారంలో పనికొచ్చిందని చెప్పుకొన్నారు. 13 మంది అధ్యాపకులను 22 మందికి పెంచడం ఆ విరాళం లక్ష్యం. అంటే డబ్బు భవనానికి కాదు, మనుషులకు.

‘ఇఖామా గడువు తీరి దాక్కుంటున్నవాడు, శవపేటికలో ఇంటికి వెళ్తున్నవాడు ఉన్నచోట తత్వశాస్త్రానికి చందాలా?’ అని ఎవరైనా నిలదీస్తే ఆ కోపం న్యాయమైనదే. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వచ్చిన కూలీ జేబులోంచి ఒక్క రియాలు కూడా ఇందుకు అడగకూడదు. ఆపదలో ఉన్నవాడికి సాయమే ముందు. మేం అడుగుతున్నది ఇంజినీర్లను, డాక్టర్లను, అకౌంటెంట్లను. ఊళ్లో గుడికి, ఆర్చికి లక్షలు పంపుతున్నవారిని. ఆ లక్షల్లో పదో వంతుతో ఒక ఎంఏ విద్యార్థి హాస్టల్ మెస్సు బిల్లు రెండేళ్లు గడుస్తుంది, శాఖ గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వస్తాయి. పల్లె నుంచి వచ్చిన పిల్ల ‘ఇది చదివితే ఏం తింటావు’ అన్న ప్రశ్నకు జంకకుండా సీటు తీసుకోవచ్చు.

పంపే దారిలో జాగ్రత్త అవసరం. సౌదీలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. వాట్సాప్ గ్రూపులో పేర్లు రాసుకుని ఒకరి ఖాతాలో జమచేసే అలవాటు వెంటనే మానాలి. ఎవరికి వారు తమ ఖాతా నుంచి నేరుగా వర్సిటీ ఖాతాకు పంపాలి. భారత పౌరుడు విదేశంలో సంపాదించిన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ సొమ్ముగా లెక్కకు రాదు. పౌరసత్వం మార్చుకున్న అమెరికా బంధువుల లెక్క వేరు. ఎన్నేళ్లున్నా ఈ దేశం మనకు పాస్‌పోర్టు ఇవ్వదని వాపోతుంటాం. ఇక్కడ మాత్రం ఆ భారత పాస్‌పోర్టే కలిసొస్తుంది.

దాతలకు ఒక మాట. పేరు పెట్టమనండి, లెక్క చూపమనండి. ఏం బోధించాలో మాత్రం చెప్పకండి. అమెరికాలో ఒక బ్యాంకు ఫౌండేషన్ అయన్ రాండ్ నవలను పాఠంగా పెట్టాలన్న షరతుతో కళాశాలలకు డబ్బిస్తే అధ్యాపకులు మండిపడ్డారు. మన దగ్గరా అద్వైతమే చెప్పాలనో, చార్వాకులను తీసేయాలనో, అంబేడ్కర్ వద్దనో షరతు పెట్టే దాతలు పుట్టుకురావచ్చు. అలాంటి డబ్బును శాఖ తిప్పి పంపగలగాలి.

వర్సిటీలు కూడా కదలాలి. విరాళం ఇద్దామనుకున్న మనిషి రిజిస్ట్రారు కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాసి, జవాబు లేక ఊరుకునే పరిస్థితి పోవాలి. తత్వశాస్త్ర శాఖ పేరిట విడి ఖాతా తెరిచి, అసలు కదలకుండా వడ్డీ మాత్రమే ఖర్చుపెట్టే నిబంధన రాసి, ఏటా జమాఖర్చులు బయటపెట్టాలి. విశాఖ, తిరుపతి, ఉస్మానియా వర్సిటీల్లో ఏది ముందు ఆ పని చేస్తే దాని ఖాతా వివరాలను ఈ పేజీలో అచ్చువేస్తాం.