హామీ పత్రం మనకెవరు రాసిస్తారు?

పత్రికకు కథ పంపినప్పుడల్లా చివర ఒక హామీ పత్రం రాస్తాం. ఈ కథ నా స్వంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరెక్కడికీ పంపలేదు అని సంతకం పెడతాం. మనం దొంగలం కామని మనం చెప్పుకుంటున్నాం, బాగానే ఉంది. మరి మన కథను రేపు ఎవరూ ఎత్తుకుపోరని మనకెవరు రాసిస్తారు?

మా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ దిగితే అది ఏ రైతుదో లెక్క ఉంటుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా రాసుకున్న కథకు మాత్రం లెక్కాపత్రం ఏమీ ఉండదనుకుంటాం. ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కాగితం మీద పెట్టగానే అది మీది. రిజిస్టరు చేయించకపోయినా మీదే. మీ జీవితకాలమంతా, ఆ పైన మరో 60 ఏళ్ళు. పొలం పాస్‌బుక్కులో మన పేరు ఉండకపోవచ్చు గానీ ఈ ఆస్తి పుట్టడమే మన పేరున పుడుతుంది.

కిందటేడు నా కథ ఒకటి ఒక వీడియో ఛానల్ వాళ్ళు మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించారు. గొంతు బాగుంది. వెనక వీణ కూడా పెట్టారు. నా పేరే లేదు. అడిగితే, "మీ కథకు ఫ్రీ పబ్లిసిటీ ఇచ్చాం గదండీ" అన్నారు. పేరు లేని పబ్లిసిటీ ఎవరికండీ, వీణకా? మా తోడికోడలు, "పోనీలే అక్కా, నలుగురూ వింటున్నారుగా" అంది. ఆ 'పోనీలే' దగ్గరే నాకు పేచీ. పండుమిరప పచ్చడి జాడీ ఎవరైనా చెప్పకుండా పట్టుకుపోతే పోనీలే అని ఊరుకుంటామా?

యూట్యూబ్ లాంటి చోట్ల కాపీరైట్ ఫిర్యాదుకు ఒక ఫారం ఉంటుంది. పైసా రుసుము లేదు. కథ పేరు, అచ్చయిన సంచిక వివరం, ఆ వీడియో లింకు, మన చిరునామా ఇచ్చి, చెప్పింది నిజమేనని మన పేరు సంతకంగా టైపు చేయాలి. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా నా పని అయిపోయింది. నాలుగో రోజుకి వీడియో లేదు. మన చట్టంలోనూ ఇలాంటి దారి ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో దాన్ని ఆపాలి. అయితే 21 రోజుల్లోగా మనం కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసుకోవాలి, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకున్నట్టు.

రాసిన ప్రతిదీ రిజిస్టరు చేయించాలా అంటే, నేనైతే వద్దంటాను. ఒక్కో రచనకు 500 రూపాయలు. కొన్ని పత్రికలు కథకు ఇచ్చే పారితోషికం అంతకంటే తక్కువ! కానీ నవలకూ, సీరియల్‌కూ, సినిమావాళ్ళకు వినిపించబోయే కథకూ తప్పకుండా చేయించండి. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో 14వ నంబరు ఫారం నింపి, రచన జత చేసి, రుసుము కడితే డైరీ నంబరు ఇస్తారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పడానికి 30 రోజులు ఆగుతారు. ఆ తర్వాత పరిశీలన. వాళ్ళు ఏదైనా అడుగుతూ ఉత్తరం పంపితే గడువులోగా జవాబివ్వాలి, అంతే. వకాలత్ కాగితం వకీలును పెట్టుకున్నవాళ్ళకే. అచ్చయిన రచనైతే ప్రచురణకర్త నిరభ్యంతర పత్రం కావాలి, కాబట్టి అచ్చుకు ముందే చేయించుకోవడం సుఖం. రేపు తగాదా వస్తే ఆ రిజిస్టరులోని నమోదును కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది.

రాతప్రతిని కవర్లో పెట్టి మనకు మనమే పోస్టులో పంపుకోమని కొందరు సలహా ఇస్తారు. అది నమ్ముకోకండి. అంటించని ఖాళీ కవరు పంపుకుని తర్వాత ఏదైనా పెట్టి అంటించొచ్చుగా! దానికంటే పత్రికకు పంపిన ఈమెయిల్, వాళ్ళ జవాబు, అచ్చయిన సంచిక దాచుకోండి. మహేష్‌బాబు నటించిన 'శ్రీమంతుడు' (2015) సంగతి చూడండి. స్వాతిలో 2012లో వచ్చిన తన 'చచ్చేంత ప్రేమ'ను కాపీ కొట్టారని రచయిత శరత్‌చంద్ర నాంపల్లి కోర్టుకెక్కారు. దర్శకుడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 2024 జనవరిలో అక్కడ ఊరట దొరకలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది కోర్టు తేల్చవలసిందే గానీ, అచ్చయిన సంచికకున్న బలం చూశారా?

ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోవాలి. చట్టం కాపాడేది ఆలోచనను కాదు, రాసిన తీరును. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త తన నాటకాన్ని సినిమా తీశారని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1978లో ఓడిపోయారు. పత్తి చేలో అప్పులపాలైన రైతు భార్య కథ మీరూ రాయొచ్చు, నేనూ రాయొచ్చు. నా వాక్యాలు, నా సన్నివేశాల అల్లిక మీరు తీసుకోకూడదు. పచ్చడికీ అంతే, రుచికి కాపీరైట్ లేదు. సీసా మీది పేరుకు మాత్రం ట్రేడ్‌మార్క్ ఉంది. సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు 4,500 రూపాయలు. 'గుంటూరు సన్నం' అన్న పేరు మాత్రం ఎవరూ సొంతం చేసుకోలేరు. దానికి స్పైసెస్ బోర్డు పేరిట భౌగోళిక గుర్తింపు ఉంది.

దొంగల కంటే నాకు భయం పోటీ నిబంధనల్లో ఆఖరి లైను. 'వచ్చిన కథలపై సర్వహక్కులు నిర్వాహకులవే' అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. హక్కు బదిలీ చెల్లాలంటే రాతలో ఉండాలి, మన సంతకం ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకేనని చట్టం. అందుకే సంతకానికి ముందు, 'ఒక్కసారి ప్రచురణకు మాత్రమే' అని మనమే పక్కన రాయాలి. కాదంటే ఆ బహుమతి మనకొద్దు.

ఇంత చేసినా కోర్టు దాకా వెళ్ళవలసి వస్తే? ఒంగోలులో ఉండే రచయిత్రి హైదరాబాదుకు తిరగక్కర్లేదు. తానుండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవడానికి ఈ చట్టం 62వ సెక్షన్ వీలిస్తుంది. అప్పుడు వకీలు అవసరమే. ఫీజు భయం ఉంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళి దరఖాస్తు పెట్టుకోండి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. వెళ్ళేటప్పుడు అచ్చయిన సంచిక అసలు ప్రతి తీసుకెళ్ళండి. చూపించడానికే సుమా, ఇచ్చి రావడానికి జిరాక్సు.