స్లో కుక్కర్ కొంటున్నారా? యాప్ వద్దు, తిప్పే నాబ్ ఉంటే చాలు

ఫోన్ల గురించి రాసే చోట వంటింటి సామాను గోలేంటి అనుకోవద్దు. వాట్లు లెక్కేసి, యాప్ ఉందా లేదా చూసి కొనే ప్రతిదీ గ్యాడ్జెటే. పైగా ఉద్యోగం కోసం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రూమ్ తీసుకుని ఉంటున్నవాళ్లలో చాలామంది రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఫుడ్ డెలివరీ యాప్ తెరుస్తారు. ఆ టైమ్‌కి ఇంట్లో వేడి వేడి కూర రెడీగా ఉంటే ఆర్డర్ పెట్టే పనే ఉండదు. స్లో కుక్కర్ చేసి పెట్టేది అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇది కొనదగ్గ వస్తువే. కానీ ఫోన్ కొన్నట్టు ఎక్కువ ఫీచర్లున్న మోడల్ వెతక్కండి, తక్కువున్నదే తీసుకోండి. ఇక్కడ కూర బాగా రావడమైనా, తిన్నాక కడుపు బాగుండడమైనా యాప్ చేతిలో లేదు. పొద్దున్నే మీరు పెట్టే పది, పదిహేను నిమిషాల శ్రద్ధ మీదే ఉంది.

అసలిది ఎలా పనిచేస్తుంది?

పల్లెల్లో పిడకల దాలి మీద పాలకుండ పెట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాగనిచ్చేవాళ్లు. సన్నటి సెగ, మందపాటి కుండ, పైన మూత, బోలెడంత టైమ్. స్లో కుక్కర్‌లోనూ అంతే, పిడకల బదులు కరెంటు. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1940లో దీనికి పేటెంట్ పొందాడు. లిథువేనియాలో యూదులు బేకరీ పొయ్యిలో రాత్రంతా ఉంచి వండే చోలెంట్ గురించి వాళ్లమ్మ చెప్పిన కబుర్ల నుంచే ఆ ఐడియా వచ్చింది. ఆయన వ్యాపారాన్ని కొన్న రైవల్ కంపెనీ 1971లో దాన్ని క్రాక్‌పాట్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

ప్రెషర్ కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలకు వెళ్తుంది. స్లో కుక్కర్‌లో 100 లోపే ఉంటుంది. చాలా మోడళ్లలో 'లో' పెట్టినా 'హై' పెట్టినా చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి. ఎంత త్వరగా చేరుతుందన్నదే తేడా. మూడు, మూడున్నర లీటర్ల మోడల్ సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. అంటే ఎనిమిది గంటలు నడిచినా రెండు యూనిట్లు దాటదు. ఇప్పుడొస్తున్న కొన్ని ఫోన్ చార్జర్లే 120 వాట్లు!

స్మార్ట్ మోడల్ ఎందుకు వద్దంటున్నా?

2014లో బెల్కిన్, క్రాక్‌పాట్ కలిసి వీమో యాప్‌తో నడిచే స్లో కుక్కర్ తెచ్చాయి. అప్పట్లో అది పెద్ద విశేషం. ఆ తర్వాత 2025లో బెల్కిన్, చాలా వీమో పరికరాలకు యాప్, క్లౌడ్ సపోర్ట్ 2026 జనవరి 31తో ఆపేస్తామని ప్రకటించింది. సిరామిక్ గిన్నె, హీటింగ్ కాయిల్ జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అలాంటి వస్తువు ఆయుష్షును ఒక సర్వర్‌కి ఎందుకు ముడిపెట్టాలి?

డిలే స్టార్ట్ ఇంకా ప్రమాదం. పొద్దున తొమ్మిదింటికి పచ్చి మటన్ వేసి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆన్ అయ్యేలా పెట్టడం వినడానికి బాగానే ఉంటుంది. కానీ పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. విజయవాడ ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. స్మార్ట్ ప్లగ్‌తో టైమ్ సెట్ చేసినా ఇదే సమస్య.

ఒక్క ఫీచర్‌కి మాత్రం డబ్బు పెట్టొచ్చు. టైమ్ అయ్యాక దానంతటదే 'వార్మ్'లోకి మారడం. మీరు రోజూ పది, పదకొండు గంటలు బయట ఉండేవాళ్లయితే ఇది పనికొస్తుంది. కాకపోతే కరెంటు పోయి వస్తే చాలా డిజిటల్ మోడళ్లు ఆఫ్‌లోనే ఉండిపోతాయి. నాబ్ ఉన్నది మళ్లీ మొదలవుతుంది. ఏ మోడల్ అయినా, మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ మాంసం కూర తినకండి. చూడ్డానికి ఉడికినట్టే ఉన్నా పారేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ బాధ తక్కువ.

అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా?

వద్దు. ఫోన్ చార్జర్ మీద 100-240 వోల్టులని ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పనిచేస్తుంది. అక్కడి స్లో కుక్కర్ 120 వోల్టులది. అడాప్టర్ పిన్ మార్చి మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే కాయిల్ మీద మూడున్నర రెట్లకు పైగా పవర్ పడుతుంది. కుక్కర్ కాలిపోతుంది, మంటలు కూడా రావచ్చు. అన్నయ్య సూట్‌కేసులో తెచ్చేది ఇంకేదైనా అడగండి.

మొదటి వంట ఇలా

ఆఫీసు రోజున కాదు, ఇంట్లో ఉండే ఆదివారం మొదలుపెట్టండి. అరకిలో ఎముకలున్న మటన్ తీసుకోండి. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, మసాలా స్టవ్ మీద బాణలిలో వేయించి, ముక్కలు కాస్త రంగు మారేదాకా తిప్పండి. ఈ పని స్లో కుక్కర్ చెయ్యలేదు, మానేస్తే కూర నీచువాసన వస్తుంది. తర్వాత గిన్నెలోకి మార్చి, అరకప్పు నీళ్లు పోసి, 'లో'లో ఎనిమిది గంటలు. ఆవిరి బయటికి పోదు కాబట్టి మామూలుగా పోసే నీళ్లలో సగం చాలు.

గిన్నె కనీసం సగం నిండాలి, ముప్పావు దాటకూడదు. అందుకే ఒక్కరే ఉంటే ఒకటిన్నర లీటర్లది, ఇద్దరు ముగ్గురుంటే మూడున్నర లీటర్లది చూడండి. మధ్యలో మూత తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ ఇంకో ఇరవై నిమిషాలైనా పెరుగుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన మాంసం నేరుగా వెయ్యొద్దు. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్న సిరామిక్ గిన్నెని వేడి చేస్తే పగిలిపోవచ్చు.

శనగలు రాత్రి నానబెట్టి వేస్తే బాగా ఉడుకుతాయి. చింతపండు, టమాటా మాత్రం చివర్లో కలపండి. పులుపు ముందే పడితే గింజ మెత్తబడదు. గోంగూర, పెరుగు, కొబ్బరిపాలు కూడా చివరి అరగంటలోనే. తాలింపు వడ్డించే ముందు.

ఎర్ర రాజ్మా విషయంలో మాత్రం రాజీ లేదు. అందులో సహజంగా ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్ వేడి దానికి సరిపోకపోవచ్చు. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో స్టవ్ మీద అరగంట తెర్ల కాగనిచ్చాకే ఇందులో వేయండి.

ఎవరికి అక్కర్లేదు?

రోజూ పప్పు, అన్నం, వేపుడుతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది దండగ. కందిపప్పు ప్రెషర్ కుక్కర్‌లో పావుగంట పని. చేపల పులుసు, బెండకాయ లాంటివి ఇందులో చిదురైపోతాయి. ఇప్పటికే మల్టీ కుక్కర్ ఉంటే అందులోని స్లో కుక్ మోడ్‌తో నెల రోజులు ప్రయత్నించి చూడండి. అడుగు నుంచే వేడెక్కుతుంది కాబట్టి ఫలితం కొంచెం వేరుగా ఉంటుంది, కానీ ఈ పద్ధతి మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

మటన్, పాయా, శనగలు ఇష్టపడి, వారానికి రెండు మూడు రాత్రులైనా బయట తిండి మానాలనుకుంటున్నవాళ్లకి మాత్రం నా సలహా ఇదే: 230 వోల్టులది, గిన్నె బయటికి తీసి కడుక్కునేది, ఆఫ్-లో-హై-వార్మ్ నాబ్ ఉన్నది కొనండి. మిగిలిన డబ్బు మటన్‌కి పెట్టండి.