ఫార్వర్డ్ చేశాం సరే, తర్వాత?

ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2025 మే 12న బ్రిటన్ ప్రభుత్వం వలసల మీద శ్వేతపత్రం విడుదల చేసింది. ఆ రాత్రి డ్యూటీ బ్రేకులో ఫోన్ తీస్తే మెసేజ్: "ఈ రోజు నుంచి పీఆర్‌కి అయిదేళ్ళు కాదు, పదేళ్ళు!" చదివీ చదవకుండా మూడు గ్రూపుల్లోకి పంపేశాను. తెల్లారేసరికి మా వార్డులో చేసే ఒక చెల్లెలి ఫోన్. ఆమె వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఇంకో పది నెలల్లో పీఆర్‌కి అప్లై చేయాలని రోజులు లెక్కపెట్టుకుంటోంది. "అక్కా, రాత్రంతా నిద్ర లేదు. ఆయన ఇండియా వెళ్ళిపోదాం అంటున్నారు" అని ఒకటే ఏడుపు.

అప్పుడు కూర్చుని చదివాను. శ్వేతపత్రం చట్టం కాదు, ప్రభుత్వం చేయాలనుకుంటున్న పని. ఆ రోజు నుంచే రూలు మారిపోలేదు. భయపడాల్సిందేమీ లేదని కాదు, మన మాట చెప్పుకోవడానికి ఇంకా టైముందని. నా మెసేజ్ ఆ పిల్లకి భయం ఇచ్చింది కానీ దారి చూపలేదు.

దారులున్నాయి. పార్లమెంటు పిటిషన్ సైట్‌లో ఇక్కడ నివసించే వాళ్ళెవరైనా సంతకం చేయొచ్చు, వీసా మీద ఉన్నా సరే. 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది. లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. ఇప్పటికే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళకి అయిదేళ్ళే ఉంచమన్న పిటిషన్ లక్ష దాటింది. 2025 సెప్టెంబర్ 8న వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ఎంపీలు దానిపై చర్చించారు. మా గ్రూపులో "నేను చేసేశా" అన్నవాళ్ళలో కొందరు ఈమెయిల్‌కి వచ్చిన లింకు నొక్కనే లేదు. అది నొక్కితేనే సంతకం లెక్కలోకి వస్తుంది.

చర్చ జరిగినంత మాత్రాన రూలు మారదు. అందుకే రెండో పని, మన ఎంపీకి రాయడం. ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ మర్చిపోకండి, మామూలుగా తమ నియోజకవర్గం వాళ్ళకే జవాబిస్తారు. గ్రూపుల్లో తిరిగే ఉత్తరాన్ని అలాగే కాపీ చేయకండి. మా చెల్లెలు తన మాటల్లోనే రాసింది: ఏ వార్డు, నెలకి ఎన్ని నైట్లు, పిల్ల ఏ క్లాసు, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి. జవాబొచ్చింది. హామీ ఏమీ లేదు. కానీ తన మాట ఒకరు చదివారన్న ధైర్యం వచ్చింది, రాత్రి నిద్ర పట్టింది.

మూడోది ఓటు. "మనకిక్కడ ఓటెక్కడిది?" అనుకుంటాం. ఇండియా కామన్వెల్త్ దేశం కదా, వీసా మీద ఇక్కడ నివసించే మనం ఇండియా పాస్‌పోర్టుతోనే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు. పేరు నమోదు చేసుకోవాలి, అంతే. ఆన్‌లైన్లో అయిదు నిమిషాల పని. ఊళ్ళో పార్టీల గురించి అర్ధరాత్రి దాకా పోట్లాడుకునే మా గ్రూపులో ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే తేలారు!

ఇప్పుడు ఇలాంటి మెసేజ్ ఏదొచ్చినా కింద ఒక లైను కలిపే పంపుతున్నాను: ఇది చట్టమా, ప్రతిపాదనా? మనం ఎక్కడ చెప్పుకోవాలి, ఎప్పటిలోగా? ఆ లైను రాయలేకపోతే పంపడం మానేస్తున్నాను. మీరూ అలా చేసి చూడండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.