వీల్ నట్టు విప్పడానికి ఫిరంగి ఎందుకు?

కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇది సంఘం దుడ్డు సంగతి.

దీపావళికి సభ్యులకు తలా ఒక కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ ఇద్దామని గ్రూపులో పెట్టిన ప్రతిపాదన అందరూ చూసినారు. మొత్తంగా తీసుకుంటే ఒక్కొక్కటి 3,000 రూపాయలకే వస్తుందంట. డబ్బా మీద 1,200 న్యూటన్ మీటర్లు, బ్యాటరీ మీద 128 వీఎఫ్. ఫోటో కింద వరసగా బొటనవేళ్ళు. ఒక్కరైనా ఆ నెంబర్లు ఏమిటని అడిగినారా? ప్రతిపాదన పెట్టిన తమ్ముడి మనసు మంచిది, అందులో నాకు సందేహం లేదు. వస్తువు మాత్రం వద్దు.

ముందు ఆ 128 సంగతి. లిథియం సెల్లు ఒకటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జ్ చేస్తే 4.2. ఐదు సెల్లులు వరసగా కలిపితే 18 వోల్టులు, నిండితే 21. మంచి కంపెనీలు 18 అని రాస్తాయి, కొన్ని 20 మ్యాక్స్ అని రాస్తాయి, కొందరు 21 అని రాస్తారు. మూడూ ఒకటే బ్యాటరీ. 128 నిజంగా వోల్టులైతే 30కి పైన సెల్లులు కావాలి, బ్యాటరీ ఒక్కటే కిలోన్నర దాకా తూగాలి. ఫోటోలో ఉండేది అరచేతిలో పట్టేంత. అందుకే వాళ్ళు వోల్ట్ అని రాయలేదు, వీఎఫ్ అని రాసినారు. అది కొలత కాదు, మన కళ్ళకు కట్టే గంత. బ్యాటరీ మీదే ఇంత ధైర్యంగా రాసినవాడు 1,200 అనే మాట నిజం రాసుంటాడా?

రాసుంటాడనే అనుకుందాం. మనకు 1,200 ఎందుకు? టార్క్ అంటే తిప్పే బలం. తమిళంలో మురుక్కు విసై అంటారు, నాకు ఆ మాటే బాగా అర్థమవుతుంది. మన కార్ల వీల్ నట్లు చాలావాటికి బిగించాల్సింది 90 నుంచి 130 న్యూటన్ మీటర్ల లోపల. మీ బండి పుస్తకంలో కచ్చితమైన నెంబరు ఉంటుంది, చూడండి. తుప్పు పట్టినా, ఎవడో అతిగా బిగించినా విప్పేదానికి దాని రెండింతలు, ఇంకా మొండిదైతే మూడింతలు పడుతుంది. అంటే 300, 400. పెద్ద లారీ చక్రానికి 500, 600 బిగిస్తారు, వాళ్ళకు కావాలి వెయ్యి దాటిన మిషను. మన సభ్యుల్లో లారీ ఉన్నవాళ్ళు ఎంతమంది?

ఇంకొక మోసం కూడా ఉంది. టార్క్ రెండు రకాలు రాస్తారు, బిగించేది ఒకటి, విప్పేది ఒకటి. మకీటా డీటీడబ్ల్యూ 300 అనే మిషనుకు బిగించేది 330, విప్పేది 580 అని ఆ కంపెనీ విడివిడిగా రాస్తుంది. మర్యాదస్తులు రాసే పద్ధతి అది. మన ఫోటోలో 1,200 ఏ రకమో రాయనే లేదు. రైల్వేలో ఏళ్ళ తరబడి కొటేషన్ కాగితాలు చూసినోణ్ణి, స్పెసిఫికేషన్ రాయకుండా ధర అడిగితే అంగడివాడు ఏది ఇస్తే అదే సరుకు.

"అన్నా, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు రోడ్డు మీద పంచర్ అయితే నట్టు విప్పలేక అగచాట్లు పడుతున్నారు కదా" అని ఒకరు రాసినారు. నిజమే. పోయిన ఎండాకాలం మా అక్క కూతురు వాణియంబాడి దాటినాక హైవే పక్కన గంటన్నర నిలబడింది. ఎల్ స్పానర్ మీద ఎక్కి నిలుచున్నా నట్టు కదల్లేదు. దయగల లారీ డ్రైవరు ఒకాయన పైపు తగిలించి తిప్పితే రెండు ఊడినాయి, మూడోదానికి స్టడ్డే తెగింది. ఎందుకు? వారం ముందు ఒక టైర్ల అంగడిలో కుర్రాడు గాలి గన్ను పెట్టి బుర్రుబుర్రుమని బిగించి పంపినాడు. అంటే మా పిల్లను ఏడిపించింది గన్ను లేకపోవడం కాదు, లెక్క తెలియని చేతిలో గన్ను ఉండడం. ఇప్పుడు అట్లాంటి గన్ను ఇంటింటికీ పంచుదామంటున్నారు. విప్పినవాడు దాంతోనే బిగించకుండా ఉంటాడా? అతిగా బిగిస్తే స్టడ్డు సాగుతుంది, మర చెడుతుంది, బ్రేక్ డిస్కు వంకర తిరిగి బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. బలం లేని మిషనైతే సరిగా బిగియదు, అది ఇంకా ప్రమాదం. చక్రం ఊడేది అట్లాగే.

కూడికలు వచ్చినవాళ్ళు ఇది చూడండి. బండితో ఇచ్చే స్పానర్ 25 సెంటీమీటర్లు అనుకుంటే, 60 కిలోల మనిషి దాని చివర బరువంతా వేసినా 150 న్యూటన్ మీటర్లు దాటదు. అదే మనిషి 60 సెంటీమీటర్ల కడ్డీ మీద బరువు వేస్తే దాదాపు 350. బ్యాటరీ లేదు, చార్జర్ లేదు. బ్రేకర్ బార్ అని అడిగితే హార్డ్‌వేర్ అంగడిలో ఇస్తారు. మీ నట్టుకు సరిపోయే సాకెట్టు, 19 అయినా 21 అయినా, దాంతో తీసుకోండి. రెండూ కలిపినా 3,000 లోపలే. చక్రం నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేకు వేసి, నట్లన్నీ కొంచెం వదులు చేసి, తరవాత జాకీ ఎత్తండి.

కార్డ్‌లెస్ మిషను చెడ్డదని నేను చెప్పడంలేదు. లోపల సుత్తి తిరిగి తిరిగి కొడుతుంది కాబట్టి చెయ్యి మెలితిరగదు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది వరమే. కొనేవాళ్ళు అర అంగుళం చదరపు మొన ఉన్నది కొనండి. స్క్రూలు వేసే చిన్న డ్రైవరుకు అడాప్టర్ తగిలించి నట్టు విప్పుదామంటే సగం బలం అక్కడే పోతుంది. 18 వోల్టులు, 4 యాంపియర్ అవర్ బ్యాటరీ, విప్పే టార్క్ 400 దగ్గర ఉంటే చాలు. సాకెట్టు నల్లగా ఉండే ఇంపాక్ట్ రకమే వాడండి. మెరిసే చేతి సాకెట్టు ఆ దెబ్బలకు పగిలి కంటికి తగలొచ్చు. అల్లాయ్ చక్రాలైతే పలచటి గోడ, ప్లాస్టిక్ తొడుగు ఉన్నది. సర్వీస్ సెంటరు మీ ఊరికి దగ్గర్లో ఉందా అని దుడ్డు కట్టకముందే కనుక్కోండి.

ఇంకొకటి. మనవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. ఆయుధ పూజకు బొట్టు పెట్టి, మళ్ళీ డిక్కీలో పడేస్తారు. మే నెల ఎండలో డిక్కీలో ఉడికిన లిథియం బ్యాటరీ కావాల్సిన రోజుకు చచ్చి ఉంటుంది. రెండు నెలలకొకసారి తీసి చార్జి చూసే ఓపిక ఉన్నవాళ్ళే కొనాలి.

ఆదివారం కమిటీ ముందు నా ప్రతిపాదన ఇది. ఆ ఆర్డరు ఆపండి. మంచి కంపెనీ ఇంపాక్ట్ రెంచ్ ఒకటి, టార్క్ రెంచ్ రెండు సంఘం పేరున కొని ఆఫీసులో పెట్టండి, సభ్యులు రిజిస్టర్లో సంతకం చేసి తీసుకుపోతారు. సభ్యులకు దీపావళికి పొడుగు కడ్డీ, సాకెట్టు ఇవ్వండి. బిగించేది ఎప్పుడూ చేత్తోనే, ఎదురెదురు నట్లు ఒకదాని తరవాత ఒకటి, చివర టార్క్ రెంచ్ టక్కుమనేదాకా. 50, 100 కిలోమీటర్లు పోయినాక ఇంకొకసారి చూసుకోండి.

ఫోటో కింద బొటనవేలు పెట్టినవాళ్ళు ఆదివారం వచ్చేటప్పుడు మీ బండి పుస్తకం తీసుకురండి. వీల్ నట్టు టార్క్ ఎంత రాసి ఉందో అందరి ముందూ చదువుదాం.